వెనక సీటు దిగని మాస్టారు

ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగం మందికి మాస్టారి ముఖం ఒక పక్కనుంచే తెలుసు. నేర్చుకున్నన్నాళ్లూ వాళ్లు స్టీరింగును ఉడుంపట్టు పట్టుకుని ఓరకంట చూస్తే కనిపించిన ముఖం అది. ఆయన పక్క సీట్లో కూర్చుని రోడ్డునే చూసేవారు. కాళ్ల దగ్గర అదనంగా ఒక బ్రేకు ఉండేది. డ్రైవింగ్ స్కూలు కార్లన్నింటికీ ఉంటుంది గానీ, మిగతా మాస్టార్లు దాన్ని అవసరమైతే తొక్కుతారు. ఈయన పాదం దాని మీదనుంచి లేచేదే కాదు.

ఆదివారాలు ఆయన దగ్గర గ్లైడర్ నేర్చుకున్నవాళ్లకైతే ఆ పక్క ముఖం కూడా తెలియదు. అందులో నేర్చుకునేవాడు ముందు కూర్చుంటాడు, నేర్పేవాడు వెనక. కాబట్టి వాళ్లకు ఆయన గొంతే తెలుసు. "మెల్లగా... మెల్లగా... కర్ర నాకు వదిలెయ్" అనే గొంతు. కర్ర అంటే అందులో స్టీరింగు లాంటిది.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. మైదానం ఒక కొసన వించ్ అనే యంత్రం ఉంటుంది. బావి గిలక చేంతాడును లాగినట్టు అది పొడవాటి ఇనుప తాడును గబగబా చుట్టేస్తుంది. తాడు రెండో కొసకు తగిలించిన గ్లైడర్ గాలిపటంలా పైకి లేస్తుంది. పైకి వెళ్లాక తాడు వదిలేసి, నేలనుంచి లేచే వేడిగాలి దొరికితే గద్దలా చుట్లు తిరుగుతూ పూటంతా ఉండొచ్చు. దొరక్కపోతే కాసేపటికే దిగొచ్చేయాలి. ఒక్కడి వల్ల అయ్యే ఆట కాదిది. వించ్ దగ్గర ఒకరుండాలి, రెక్క నేలకు ఒరగకుండా కొస పట్టుకుని నాలుగడుగులు పరుగెత్తడానికి ఒకరుండాలి, ఎక్కడో పొలంలో దిగిపోతే రెక్కలు విప్పి ట్రైలర్లో వేసుకుని తేవడానికి ఇంకో ఇద్దరు ముగ్గురుండాలి. పల్లకీ ఎక్కేది ఒకరే అయినా బోయీలు నలుగురు కావాలి కదా, అలాగే.

ఒకప్పుడు ఆ మైదానంలోని గ్లైడర్ క్లబ్బు ముందు ఆదివారం పొద్దున్నే వరస కట్టేవారు. షెడ్డు ముందు రేకు కుర్చీలు చాలక గడ్డిలో కూర్చునేవారు. అప్పటి పెద్ద మాస్టారు కాలం చేశాక నేర్పే బాధ్యత ఈయన మీద పడింది. ఆ తర్వాత జనం పలచబడుతూ వచ్చారు. కుర్చీలు మిగిలాయి. రెండో గ్లైడర్ మీద కప్పిన గుడ్డ మీద పిచ్చుకలు రెట్టలు వేశాయి.

"ఈ కాలం పిల్లలకి ఆకాశం చూసే తీరికేది? మెడ ఎత్తితే ఫోను కనపడదుగా" అనేవారు మాస్టారు. బజార్లో కాగితాలు పంచారు, కాలేజీలో ఉపన్యాసం ఇచ్చారు. కొత్తవాళ్లు రాకపోలేదు. వచ్చేవారు, ఏడాదో రెండేళ్లో శ్రద్ధగా నేర్చుకునేవారు, తర్వాత "ఇంట్లో పనులండీ", "డ్యూటీ మారిందండీ" అని జారుకునేవారు. మాస్టారికి మనసు కష్టమయ్యేది. అయినా ఒక్క విషయం తలుచుకుంటే ఛాతీ పొంగేది. తను నేర్పడం మొదలుపెట్టాక ఆ మైదానంలో ఒక్కరికి చిటికెన వేలు గోరు కూడా విరగలేదు.

ఆయన కాపురం డ్రైవింగ్ స్కూలు పైనున్న రెండు గదుల్లో. మెట్ల గోడలనిండా రోడ్డు గుర్తుల బొమ్మలు. ఆ మెట్లే ఎక్కుతూ దిగుతూ బతుకంతా గడిపిన భార్యకు మాత్రం కారు నడపడం రాదు. పెళ్లైన కొత్తలో నేర్పడం మొదలుపెట్టారు. "ఇంకాస్త చెయ్యి తిరగాలి" అన్నారు ఆ ఏడాది. మరుసటేడూ అదే మాట. చివరికి ఆవిడే విసిగి బస్సెక్కడం అలవాటు చేసుకుంది. పెరటిచెట్టు మందుకు పనికిరాదని చుట్టుపక్కలవాళ్లు నవ్వుకునేవారు.

ఆ వేసవి చివర్లో ఒక ఆదివారం మాస్టారు మైదానానికి వెళ్లేసరికి అక్కడ ఉన్నది ఒక్క లిఫ్టు బాబాయే. ఆయన పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. వించ్ నడిపేది ఆయనే. ఇద్దరూ టీ తాగారు. గేటు వంక చూశారు. మళ్లీ టీ తాగారు.

"ఎవరూ రారురా ఇవాళ" అన్నాడు బాబాయి.

మాస్టారు నమ్మలేదు. పలచబడటం వేరు, ఒక్కరూ రాకపోవడం వేరు. అన్నేళ్లలో అలాంటి ఆదివారం ఆయన చూడలేదు. గేటు దాకా నడిచి వెళ్లి రోడ్డు రెండు పక్కలా చూసి వచ్చారు. అంతలో భార్య భోజనం డబ్బా పట్టుకుని బస్సు దిగింది. ఖాళీ కుర్చీలు చూసింది, మొగుడి ముఖం చూసింది.

"రెక్క పట్టుకోడానికి మనిషి లేడనేగా? నేను పట్టుకుంటా, మీరు వెళ్లిరండి" అంది.

మాస్టారు ఒంటి సీటు గ్లైడర్ బయటకు తీశారు. ఆవిడ కొంగు బిగించి రెక్క కొస పట్టుకుని తడబడకుండా పరుగెత్తింది. బాబాయి వించ్ గర్జించింది. మాస్టారు పైకి లేచారు.

ఆ రోజు గాలి బంగారం. ఒక వేడిగాలి స్తంభం నుంచి ఇంకోదానికి, అక్కడినుంచి కొండల అవతలికి ఈజీగా వెళ్లిపోయారు. కింది బెంగ అంతా మరిచిపోయి చాలా దూరం వెళ్లాక, మబ్బు పరుచుకుని ఎండ పోయింది. ఎండ పోతే వేడిగాలి పోతుంది. కొండ దాటి వెనక్కి రావడం కుదరదని తేలిపోయింది. కోత అయిపోయిన ఒక పొడవాటి పొలం చూసుకుని, గట్టు దాటించి, మెత్తగా దింపారు. చిన్న గీత కూడా పడలేదు. అద్దం మూత తెరిచి బయటికొచ్చి, ఇలాంటిది ఎన్నిసార్లు చెయ్యలేదు అనుకుంటూ ఫోను తీశారు.

"బాబాయ్, పొలంలో దిగాను. ట్రైలర్ కావాలి."

"దెబ్బలేం తగల్లేదు కదా?"

"లేదు. నువ్వు క్లబ్బు జీపుకి ట్రైలర్ తగిలించుకుని..."

"నేనా? నా బతుకంతా పైకీ కిందకీ తిరిగానే గానీ ముందుకీ వెనక్కీ ఎప్పుడు తిరిగాన్రా! నాకు డ్రైవింగ్ రాదు."

నిజమే. మాస్టారు పాత సభ్యులకు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. మొదటాయన "ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం తన ముందు సీట్లో కూర్చున్న మనిషి! నంబరు కూడా ఉంచుకోలేదు. ఇంకొకరి నంబరు వాడుకలో లేదంది. ఇంకొకరు ఎత్తి, హేళన కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగారు: "క్లబ్బు ఇంకా ఉందా మాస్టారూ?"

మాస్టారు ఫోను చేత్తో పట్టుకుని రెక్క మీద కూలబడ్డారు. పొలం గట్టు మీద ట్రాక్టరు ఆపిన రైతు ఒకాయన దగ్గరికొచ్చి గ్లైడర్‌ను ఫోటో తీసుకుని, "మీవాళ్లు వస్తున్నారా?" అని అడిగాడు. "వస్తున్నారు" అన్నారు మాస్టారు. అబద్ధం. తన వాళ్లంటూ చెప్పుకోడానికి ఒక్కరైనా మిగిలారా అన్నది అప్పుడే ఆయన్ని మొదటిసారి గుండెల మీద తన్నింది.

అప్పుడు భార్య ఫోను చేసింది. "ఎక్కడున్నారో సరిగ్గా చెప్పండి."

"నువ్వు తెలుసుకుని ఏం చేస్తావ్?"

"చెప్పండి ముందు."

చెప్పారు.

పొద్దు వాలుతుండగా మట్టిరోడ్డు మీద జీపు కనిపించింది. వెనక క్లబ్బు ట్రైలర్. బస్సంత పొడుగుంటుంది అది. పొలం దారి ఇరుకు, పక్కనే కాలువ. డ్రైవరు తొందరపడలేదు. మలుపుకు ముందే ఎడంగా తీసి, కొంచెం ముందుకొచ్చి ఆపి, వెనక్కి పోనిచ్చి, ట్రైలర్ తోక సరిచేసుకుని, చక్రం గడ్డి అంచు దాటకుండా లోపలికి తెచ్చాడు. మాస్టారు అంత దిగులులోనూ మెచ్చుకోకుండా ఉండలేకపోయారు. 'ఎవరో గాని చెయ్యి తిరిగినవాడే' అనుకున్నారు.

జీపు తలుపు తెరుచుకుంది. ఆయన భార్య దిగింది.

మాస్టారు ఆవిడ వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూశారు. ఆ వైపునుంచి ఎవరూ దిగలేదు.

"బండి... ఎవరు నడిపారు?"

"కళ్లు కనపడలేదా?"

"నీకు డ్రైవింగ్ రాదుగా!"

"వచ్చు. లైసెన్సొచ్చి ఏళ్లయింది. మా చెల్లెలి కారు నేనే నడుపుతా, దాన్ని ఆస్పత్రికి తిప్పింది ఎవరనుకున్నారు?"

"ఎక్కడ... ఎక్కడ నేర్చుకున్నావు?"

"స్టేషన్ రోడ్డు స్కూల్లో."

స్టేషన్ రోడ్డు స్కూలువాడు నెల తిరక్కుండా మనుషుల్ని రోడ్డు మీదకి తోలేస్తాడని, వాడొక హంతకుడని, ఆయన ప్రతి రాత్రీ అన్నం తింటూ ఈవిడతోనే తిట్టిపోసేవారు. ఈవిడ వడ్డిస్తూ ఊఁ కొట్టేది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారాయన.

"చెప్తే పక్కన కూర్చుంటారని" అంది ఆవిడ. కోపంగా అనలేదు. అదే ఆయన్ని ఇంకా కలవరపెట్టింది.

ఆ షాక్‌లో ఆయన జీపు అవతలి తలుపునుంచి దిగిన రెండో మనిషిని ఆలస్యంగా చూశారు. మందుల షాపు అమ్మాయి. కొన్నేళ్ల క్రితం క్లబ్బులో అందరికన్నా పట్టుదలగా నేర్చుకుంది. రెండేళ్లు వచ్చి, షాపులో పని ఎక్కువైందని మానేసింది. రెక్కలు విప్పడం ఒక్కరి వల్ల కాదు కాబట్టి దార్లో షాపు దగ్గర ఆగి ఎక్కించుకొచ్చానని భార్య చెప్పింది.

ఆ అమ్మాయి పలకరింపులు కానిచ్చి నేరుగా పనిలో దిగింది. రెక్క మొదట్లో ఉన్న మూత తీసి, పిన్ను లాగి, "రెక్క కొస కొంచెం ఎత్తండి మాస్టారూ... చాలు" అంది. ఆ చేతులు ఎక్కడా వెతుక్కోలేదు.

"ఇన్నేళ్లయినా మర్చిపోలేదే!" అన్నారు మాస్టారు. అప్పటికి ఆయనకు దొరికిన ఒకే ఒక్క ఊరట అది.

"మర్చిపోడానికి మానేస్తే కదండీ. నది అవతల క్లబ్బులో ఉన్నా. పోయినేడాది నుంచి అక్కడ నేర్పుతున్నా కూడా."

మాస్టారు పట్టుకున్న రెక్క కొస కిందికి జారింది. పక్కనుంచి భార్య అందుకుంది కాబట్టి నేలకు తగల్లేదు.

"నువ్వు నేర్పుతున్నావా? నిన్ను నేనింకా ఒంటరిగా పంపనే లేదే!"

అన్న తర్వాత ఆ మాట ఎంత పిచ్చిగా ఉందో ఆయనకు తెలిసింది. అమ్మాయి నవ్వలేదు. రెక్కను ట్రైలర్లోకి జార్చి, బెల్టు బిగించి, అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"అదే మాస్టారూ. మీరు నన్ను పంపలేదు. అక్కడికెళ్లాక మూడో వారంలో ఆ మాస్టారు బెల్టు విప్పుకుని దిగిపోయి, వెళ్లిరా అన్నారు. నేను ఏడ్చేశాను. నాకు ఈ విద్య రాదేమో, నేను మొద్దునేమో అనుకుంటూ రెండేళ్లు వచ్చానండీ మీ దగ్గరికి. ఎప్పుడో వచ్చేసిందట. మీరు చెప్పలేదు."

"ఇంకొన్ని సరిచెయ్యాలి అనిపించింది. నేలకి దగ్గరగా వచ్చినప్పుడు నీ చెయ్యి కొంచెం..."

"అందరికీ ఏదో ఒకటి ఉండేది కదండీ? వడ్రంగికి మలుపులు, బ్యాంకాయనకి వేగం. మిమ్మల్ని వెనకాల ఏమని పిలిచేవారో తెలుసా? బ్రేకు మాస్టారు అని."

"అది డ్రైవింగ్ స్కూలు మూలంగా కదా!"

అమ్మాయి, భార్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నా చేతిలో ఒక్కరికి దెబ్బ తగల్లేదు" అన్నారు మాస్టారు మొండిగా.

"తగల్లేదండీ. మీ దగ్గర నేను నేర్చుకోవాల్సింది ఒక్కటీ మిగల్లేదు, అంత బాగా నేర్పారు. కానీ ఒంటరిగా ఎగరకపోతే దేనికి నేర్చుకున్నట్టు? ఫోన్ల వల్ల పోలేదు మాస్టారూ జనం." తర్వాత మామూలుగా అడిగింది: "మిమ్మల్ని పెద్ద మాస్టారు ఎన్నాళ్లకి వదిలారు?"

"చేరిన వేసవి సెలవుల్లోనే" అన్నారాయన, ఆలోచించకుండా.

అని, అక్కడే ఆగిపోయారు. పెద్ద మాస్టారు పోయిన తర్వాత తను ఎవరెవర్ని ఒంటరిగా పంపారో గుర్తు తెచ్చుకోవాలని చూశారు. ఒక ముఖం కోసం వెతికారు. ఎవరో ఒకరు ఉండి ఉండాలి. ఆ పొడుగాయన? లేదు, అతను పెద్ద మాస్టారి కాలం. ఆ నర్సు? ఆవిడ వానాకాలం తర్వాత రాలేదు. సొంత కూతురు? పరీక్షలని మానేసింది, పరీక్షలయ్యాక కూడా రాలేదు. ఒక్కరూ లేరు. డ్రైవింగ్ స్కూల్లో పరీక్ష పెట్టేవాడు వేరే కాబట్టి పిల్లలు గట్టెక్కారు. ఇక్కడ పరీక్ష పెట్టాల్సిందీ తనే. తను పెట్టనే లేదు. ఇన్నేళ్లలో ఈ చిన్న సంగతి తన కంట పడకపోవడమేమిటో ఆయనకు అంతుబట్టలేదు. పొలం గట్టు మీద కూర్చుంటే భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆ వారమంతా ఆయన స్కూల్లో పని చేశారు గాని ఎవరినీ గదమాయించలేదు. ఒక కుర్రాడు గేరు తప్పు వేస్తే కూడా చూస్తూ ఊరుకున్నారు. "మాస్టారికి ఒంట్లో బాలేదా?" అని ఆ కుర్రాడు పైకి వచ్చి భార్యను అడిగాడు.

శనివారం ఆయన ఫోను పట్టుకుని కూర్చున్నారు. ఈసారి ట్రైలర్ కోసం కాదు. "నీకు ఎప్పుడో వచ్చేసింది. నేనే చెప్పలేదు" అని ఒక్కొక్కరికీ చెప్పారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆయనకూ తెలుసు. కొందరు మొహమాటంగా నవ్వి, ఇప్పుడు మోకాళ్లు సహకరించవన్నారు. బ్యాంకాయన అంతా విని ఫోను పెట్టేశాడు. కూతురు మాత్రం, "నాన్నా, నాకు తెలుసు" అంది. "నీకు తెలుసా?" అన్నారాయన. "నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. నీకు తెలీదని మాకు తెలీదు" అంది.

మరుసటి ఆదివారం వచ్చింది వడ్రంగి ఒక్కడే. తాటిచెట్టంత మనిషి, ముందు సీట్లో కూర్చుంటే తల అద్దం మూతకు తగిలేది. మందుల షాపు అమ్మాయి కూడా వచ్చింది, చూడ్డానికి. మాస్టారు వెనక సీట్లో కూర్చుని వడ్రంగితో రెండుసార్లు పైకి వెళ్లొచ్చారు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. వడ్రంగి మలుపులు ఆయన గుర్తుపెట్టుకున్నంత వంకరగా లేవు. అసలు వంకరగానే లేవు.

మూడోసారికి మాస్టారు బెల్టు విప్పారు. దిగి, ఖాళీ బెల్టులు ఎగిరి కర్రకు తగలకుండా కట్టేసి, మళ్లీ ఒకసారి లాగి చూసి, ఇంకోసారి చూశారు.

వడ్రంగి తల తిప్పి చూశాడు. "మీరు ఎక్కడికి మాస్టారూ?"

"ఎక్కడికీ కాదు, ఇక్కడే ఉంటా. బరువు తగ్గింది కాబట్టి తొందరగా లేస్తుంది, కంగారుపడకు. వెళ్లిరా."

వడ్రంగి మొహం తెల్లబోయింది. నోరు తెరిచాడు గానీ మాస్టారు మూత వేసేశారు. భార్య రెక్క ఎత్తింది. తాడు బిగిసింది. గ్లైడర్ ఆయన ముందునుంచి దూసుకుపోయి లేచింది. అన్నేళ్లు నేర్పిన మాస్టారు అది అలా వెళ్లడం నేల మీద నిలబడి చూడలేక గడ్డి వంక చూస్తూ నిలబడ్డారు. "పైకి చూడండి, బాగా వెళ్తున్నాడు" అంది అమ్మాయి. ఆయన చూడలేదు. చక్రం నేలకు తాకిన చప్పుడు విన్నాకే తలెత్తారు.

వడ్రంగి మూత తెరిచి లేవబోయి, తల కొట్టుకుని, మళ్లీ కూర్చుండిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. అందరూ అటు పరుగెత్తారు. అంతలో మైదానం ఆ కొసనుంచి లిఫ్టు బాబాయి రొప్పుతూ వచ్చాడు, ముఖాన నెత్తురు చుక్క లేదు.

"తాడు తేలిగ్గా వచ్చేసిందిరా! వెనక సీట్లో చూస్తే నువ్వు లేవు. దారిలో జారిపోయావేమో అనుకుని పై ప్రాణాలు పైనే పోయాయి!"

అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు.

అంత జరిగినా క్లబ్బు నిలవలేదు. వడ్రంగి, ఇంకో ఇద్దరు తిరిగి వచ్చారు గాని, ఆ ముగ్గురితో మైదానం నడవదు. చలికాలం రాకముందే షెడ్డు ఖాళీ చేశారు. గ్లైడర్లు రెండూ నది అవతలి క్లబ్బుకు ఇచ్చేసి, మాస్టారు, బాబాయి, వడ్రంగి అక్కడే చేరారు. మాస్టారు అక్కడ మొదటి నెలంతా, ఇక్కడ ఎంతమంది వస్తారో చూస్తే తన తప్పు ఎంత పెద్దదో తెలుస్తుందన్నట్టు ప్రతి ఆదివారం జనం కోసం ఎదురుచూశారు. ఎక్కువ మంది రాలేదు. పోయినేటికన్నా తగ్గారని ఎవరో అనుకుంటుంటే విన్నారు.

ఆయన మందుల షాపు అమ్మాయి దగ్గరికి వెళ్లారు. ఆమె గ్లైడర్ అద్దం తుడుస్తోంది.

"ఇక్కడ అందర్నీ తొందరగానే వదులుతారు కదా?"

"వదుల్తామండీ."

"మరి వీళ్లెందుకు తగ్గిపోతున్నారు?"

అమ్మాయి గుడ్డ పిండి, మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. "తెలీదు మాస్టారూ. ప్రతి ఏడూ ఒకరిద్దరు తగ్గుతారు. ఎందుకా అని మేమూ అనుకుంటూనే ఉన్నాం."

తప్పంతా తనదేనని ఇన్ని నెలలుగా మోస్తున్న మాస్టారికి ఆ జవాబు వినగానే తేలికపడాల్సింది. పడలేదు. తన తప్పైతే దిద్దుకోవచ్చుననుకున్నారు; ఎవరి తప్పూ కాకపోతే ఏం దిద్దాలి? ఆయన పక్కనున్న పొడి గుడ్డ తీసుకుని అద్దం రెండో వైపు తుడవసాగారు.